నాలుకాయన సంతకం

జామ్ ఫ్యాక్టరీలో సోమవారం పొద్దున అరగంట పని ఉండదు. ఉండదంటే సెలవని కాదు, రూల్సమ్మ చదివే కొత్త నిబంధనలు వినాలి. క్యాంటీన్ గోడవారగా ఎత్తు స్టూలు ఒకటి వేస్తారు. ఆమె దాని మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఆహార భద్రత ఆఫీసు నుంచి ఆ వారం వచ్చిన కాగితాలన్నీ వరసగా చదువుతుంది. ఆ పిల్ల అసలు హోదా క్వాలిటీ ఆఫీసరు. మూడేళ్ల కిందట చేరిన మొదటి నెలలోనే అందరి ఉంగరాలూ తీయించింది, గోళ్లు కత్తిరింపజేసింది, పాకం మేస్త్రీ మీసానికి కూడా వల తొడిగించింది. ఆ రోజే రూల్సమ్మ అన్న పేరు ఖాయమైపోయింది. ఎదురుగానే అలా పిలుస్తారు, ఆమె పలుకుతుంది కూడా.

ఆ సోమవారం కాగితాలు కాస్త ఎక్కువే వచ్చాయి. కొందరి ఒంటికి పడని పదార్థాలేవైనా కలిస్తే సీసా లేబుల్ మీద వాటిని లావు అక్షరాల్లో వేయాలట. చేతులు కడుక్కునే చోట మోచేత్తో తిప్పే కుళాయిలు పెట్టాలట.

"రేపోమాపో అన్నం కూడా మోచేత్తోనే తినమంటారు," అన్నాడు పాకం మేస్త్రీ.

అందరూ నవ్వారు. రూల్సమ్మ కూడా నవ్వేసి చివరి కాగితం తీసింది. "రుచి చూసి సరుకు బయటికి వదిలేవాళ్లకి ఇకమీదట ఆరు నెలలకోసారి పరీక్ష. మూడు కప్పులు పెడతారు. రెండిట్లో ఒకే సరుకు ఉంటుంది, మూడోదాంట్లో కొంచెం తేడా ఉంటుంది. తేడా కప్పు ఏదో చెప్పాలి. అలా మూడుసార్లు. రెండుసార్లు సరిగ్గా చెప్తే పాస్. మొదటి పరీక్ష పదిహేను రోజుల్లో అయిపోవాలి."

తలలన్నీ ఒకేసారి మూల బల్ల వైపు తిరిగాయి. అక్కడ నాలుకాయన కూర్చుని ఉన్నాడు.

"ఆయనకి పరీక్షేంటమ్మా? గడియారానికి టైం తెలుసా అని పరీక్ష పెడతారా ఎవరైనా?" అన్నాడు మేస్త్రీ మళ్లీ.

నాలుకాయన నవ్వాడు. మొహం మీద నవ్వైతే ఉంది గానీ, లోపల గుండె జారి ఎక్కడో పడింది.

ఎందుకు పడిందో చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఫ్యాక్టరీలో ఉడికిన ప్రతి బ్యాచ్‌నూ సీసాల్లోకి పోసే ముందు రుచి చూసింది ఆయనే. నారింజ తొక్క ఒక్క నిమిషం ఎక్కువ ఉడికితే పట్టేసేవాడు. గొట్టాలు కడిగే మందు చుక్క మిగిలిపోయినా పట్టేసేవాడు. ఒకసారి ఉల్లిపాయ తిన్న చేత్తో ఎవరో గరిటె పట్టుకున్నారని బ్యాచ్ మొత్తం ఆపించాడు. చివరికి ఆ మనిషి వచ్చి ఒప్పుకున్నాడు కూడా. అలాంటి మనిషికి ఎనిమిది నెలల కిందట జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఒళ్లెరగకుండా పడుకుని, ఐదో రోజు లేచి పాలు తాగితే వేడి తెలిసింది, తడి తెలిసింది, అంతే. తీపి లేదు, వాసన లేదు. రేపు వస్తుందిలే అనుకున్నాడు. ఆ రేపు రానే లేదు.

ఇక్కడే ఆయన మీద నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికో ఒకరికి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఎలా చెబుతాడు లెండి, నాలుకాయన అని పేరు పెట్టించుకున్న మనిషి నాలుక పోయిందని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? సిగ్గుపడ్డాడు, భయపడ్డాడు, నోరు మూసుకుని పనిలోకి వెళ్లాడు. ఆ తర్వాత జరిగింది మాత్రం ఆయన కూడా అనుకోనిది.

రుచి చూసే గది చిన్నది. తెల్ల పెంకుల గోడలు, ఒక కిటికీ, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పింగాణీ పళ్లేలు, ఆవిరి పట్టిన గోడ గడియారం. పక్క హాల్లో పాకం ఉడుకుతుంటే ఆ ఆవిరి తలుపు సందులోంచి పాక్కుంటూ వచ్చి కాళ్ల చుట్టూ తిరిగేది. జ్వరం తగ్గి వచ్చిన మొదటి రోజు, పళ్లెం మీద నారింజ జామ్ చుక్క వేసుకుని, ఏం చేయాలో తోచక కళ్లు మూసుకున్నాడు. మూసుకోగానే ఇరవై మూడేళ్ల వయసులో కాయలు దింపుకురావడానికి లారీలో వెళ్లినప్పటి తోట వచ్చింది. పొగమంచులో చెట్లు కనపడలేదు, కాయలు మాత్రమే కనపడ్డాయి, గాలిలో ఎవరో వేలాడదీసినట్టు. లారీ వెనక కాయల గుట్ట మీద పడుకుని వచ్చిన రోజది. ఆ వాసన అలాగే ముక్కులోకి వచ్చింది. నోట్లో నీరూరింది. తీపి, వెనకే పులుపు, చివర తొక్క చేదు, మూడూ వరసగా వచ్చి నాలుక మీద కూర్చున్నాయి. కళ్లు తెరిచి, "బాగుంది," అని రాసి సంతకం పెట్టాడు.

ఆ రోజు నుంచి అదే అలవాటు. కళ్లు మూసుకోవడం, తోటలోకి వెళ్లడం, సంతకం పెట్టడం. చెంచాలోంచి వచ్చిన రుచి ఎంత, తోటలోంచి వచ్చింది ఎంత అని ఆయన తనను తాను అడగడం కూడా మానేశాడు. నిజం చెప్పొద్దూ, ఆ గదిలో ఆయన ఇదివరకెప్పుడూ లేనంత సుఖంగా ఉండేవాడు. గంటలు ఎలా గడిచేవో తెలిసేది కాదు.

సోమవారం సాయంత్రం ఇంటికి వచ్చి పరీక్ష సంగతి భార్యకు చెప్పాడు. ఆవిడ కూడా ఆ ఫ్యాక్టరీ మనిషే. సీసాలు కడిగే లైన్లో పదకొండేళ్లు నిలబడి, మోకాళ్లు మొండికేశాక మానేసింది. బీన్స్ తుంచుతూ విన్నది.

"జ్వరం తర్వాత నోరు కాస్త మందంగా ఉంది. పెద్దగా ఏం లేదు," అన్నాడు.

"ఊఁ," అంది ఆవిడ. ఇంకో నాలుగు కాయలు తుంచాక, "పోనీ రోజూ ఇంట్లో ఒకసారి చూసుకుంటే పోలా? కప్పులు నేను పెడతాను," అంది.

మర్నాటి నుంచి రోజూ ఐదున్నరకు వంటింటి కిటికీ గట్టు మీద మూడు గాజు కప్పులు కూర్చునేవి. ఆ వేళకు ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి, కప్పుల్లోని నీళ్లగుండా పోయి, ఎదుటి గోడ మీద మూడు వెలుగు మచ్చలై ఊగుతూ ఉండేది. ఆయన ఒక్కో కప్పూ నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ ఊగే వెలుగు రెప్పల లోపల కూడా కనిపిస్తుంటే చాలాసేపు నిలబడేవాడు. మొదటి రోజు మూడోది చూపించాడు.

"ఇందులో పంచదార ఉంది. చిటికెడే."

ఆవిడ ఆయన మొహం వంక చూసింది. "అవును," అంది.

ఆయన కప్పు కింద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత పళ్లు కనపడేలా నవ్వాడు. రెండో రోజు నిమ్మ చుక్క పట్టుకున్నాడు, ఆ తర్వాత ఉప్పు, ఇంకోనాడు ఏలక్కాయ. అన్నిటికీ ఆవిడ అవుననే అంది. వారం తిరిగేసరికి రుచులు వీధిలోకి కూడా వచ్చేశాయి. రొట్టెల కొట్టు ముందు నుంచి వెళ్తే వెన్న కాగిన వాసన వచ్చేది. లాండ్రీ ముందు ఇస్త్రీ చేసిన బట్టల వాసన వచ్చేది. నిజంగా వచ్చాయా అని నిలదీసి అడిగితే ఆయన ఏం చెప్పేవాడో నాకు తెలియదు గానీ, ఆ వారంరోజులూ ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు. బస్సు స్టాపు దాటి రెండుసార్లు ముందుకు వెళ్లిపోయి వెనక్కి నడిచి వచ్చాడు.

పన్నెండో రోజు పరీక్ష. రూల్సమ్మ చిన్న గదిలో బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, మూతలున్న కప్పులు పెట్టింది. మొహం గంభీరంగా పెట్టుకుంది గానీ కప్పుల మూతలు ఒకటికి రెండుసార్లు సర్దుకుంది. చేరిన కొత్తలో రుచి అంటే ఏమిటో ఆమెకు నేర్పింది ఆయనే మరి.

"తొందరేం లేదు బాబాయ్. నీళ్లు పుక్కిలించి నెమ్మదిగా చెప్పండి."

మొదటిసారి రెండో కప్పు అన్నాడు. రెండోసారి మొదటి కప్పు అన్నాడు. మూడోసారి కళ్లు మూసుకుని చాలాసేపు ఉండి, మళ్లీ మొదటిదే అన్నాడు. రూల్సమ్మ తన కాగితం తిప్పి చూసుకుంది. ఒకటి తప్పు, రెండు ఒప్పు. ఆమె మొహం విచ్చుకుంది. "పాసయ్యారు," అంది. తలుపు బయట చెవి పెట్టి నిలబడ్డ మేస్త్రీ ఆ మాట విని హాలంతా చాటేశాడు. గోడకు కాగితం అంటించారు. దాని మీద ఆయన ఫొటో, తేదీ, ముద్ర.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పాడు. "పాసయ్యాను. మూడిట్లో రెండు."

గట్టు మీద అలవాటు కొద్దీ మూడు కప్పులూ పెట్టే ఉన్నాయి. భార్య వాటి వంకే చూస్తూ నిలబడింది. సంతోషించలేదు. స్టూలు జరిపి కూర్చుంది.

"మీరు కూర్చోండి," అంది. "మొదటి రోజు పంచదార వేసింది మొదటి కప్పులో. మీరు మూడోది చూపించారు."

ఆయనకు మాట అర్థం కాలేదు. "మరి అవునన్నావు కదా."

"అన్నాను. మీరు నవ్వుతారనిపించింది, అన్నాను. రెండో రోజు నుంచి మూడిట్లోనూ వట్టి నీళ్లే పోశాను. మీరేది చెప్పినా ఒకటే అయినప్పుడు ఇంక పంచదార దేనికి? నిమ్మకాయ అన్నారు, ఏలక్కాయ అన్నారు. ఇంట్లో ఏలక్కాయలే లేవు."

గోడ మీది వెలుగు మచ్చలు ఊగుతూనే ఉన్నాయి. ఆయన వాటి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఎప్పుడో ఎక్కడో చూసిన గదిలా ఉంది తన వంటిల్లు.

"నాకు ముందే తెలుసు," అంది ఆవిడ మళ్లీ. "వాన తెరిపివ్వకుండా పడిన వారంలో మీరు ఇంటికి తెచ్చిన సీసా ఉంది చూడండి, నెలనెలా స్టాఫుకి ఇచ్చేది. చెంచాడు నోట్లో వేసుకుంటే కడిగే మందు. పదకొండేళ్లు ఆ మందుతోనే సీసాలు కడిగిన దాన్ని, నాకు తెలియదా? అది పారబోసి, మర్నాడు కూర ఉప్పు లేకుండా వండాను. బాగుందని రెండోసారి వేయించుకున్నారు."

"అప్పుడే చెప్పొచ్చు కదా."

"చెప్తే మీ పేరు పోతుంది. మీకు ఆ పేరు తప్ప ఇంకేం ఉంది? ఈ పరీక్ష వస్తోందంటే నా నెత్తిన పాలు పోసినట్టయింది. పరీక్షే పట్టుకుంటుందిలే, నా నోటితో నేను చెప్పక్కర్లేదు అనుకున్నాను. మీరు పాసై కూర్చున్నారు." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "తప్పు నాదే. ఆ బ్యాచ్ సీసాలు ఇంకా ఎవరి ఇళ్లల్లో ఉన్నాయో. పిల్లలు రొట్టె మీద రాసుకుని తింటూ ఉంటారు. ఐదు నెలల నుంచి నాకు నిద్ర లేదు."

ఆయనకు ముందు కోపం వచ్చింది. ఇన్ని రోజులు తనను ఆడించిందని ఒళ్లంతా వేడెక్కింది. తర్వాత ఆ కోపం ఎటు విసరాలో తెలియలేదు. భార్య తనతో చెప్పింది పది రోజుల అబద్ధం. తను ఎనిమిది నెలలుగా ఊరందరితో చెబుతున్నాడు, అదీ రాసి, సంతకం పెట్టి మరీ. ఆ రాత్రి ఇద్దరూ అన్నం తిన్నారు. లేచేముందు, "సీసా మూత మీద బ్యాచ్ నంబరు గుర్తుందా?" అని మాత్రం అడిగాడు. లైన్లో పనిచేసిన మనిషి ఆ నంబరు మరిచిపోతుందా? గడగడా చెప్పేసింది.

మర్నాడు పొద్దున్నే రూల్సమ్మ గదికి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, జరిగిందంతా కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. జ్వరం, తోట, కప్పుల్లో వట్టి నీళ్లు, వాన వారం సీసా, ఏదీ దాచలేదు. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న పాసయ్యారు కదా బాబాయ్," అంది చివరికి, అదొక్కటే పట్టుకుని వేలాడుతున్నట్టు.

"గాల్లో రాయి వేశాను తల్లీ, తగిలింది. పద, ఆ బ్యాచ్‌లోంచి దాచిన సీసా చూద్దాం."

ప్రతి బ్యాచ్‌లోనూ ఒక సీసా తీసి, గడువు తీరేదాకా దాచే గది ఒకటుంది. అందులో మనుషులు ఎక్కువ తిరగరు. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా సీసాలు, ఎర్రవి, పసుపువి, నారింజవి. ఒక్క బల్బు వేస్తే చాలు, అన్నీ కలిసి లోపల్నుంచి వెలిగినట్టు ఉంటాయి. ఇద్దరూ ఆ రంగు వెలుతురులో మెల్లగా నడుస్తూ నంబర్లు చదువుకుంటూ వెళ్లారు. ఎంతసేపు నడిచారో తెలియదు. ఆయనకు ఆ గది పొడుగు పెరుగుతూ పోతున్నట్టనిపించింది. ఎనిమిది నెలల సంతకాలన్నీ వరసగా నిలబడి తనను చూస్తున్నాయి. వాన వారం అర దగ్గర రూల్సమ్మ ఆగి, సీసా దింపి, మూత తీసింది. టప్ మని చిన్న చప్పుడు వచ్చింది.

ఆమె చెంచా నోట్లో పెట్టుకుంది. నొసలు ముడిపడింది. మళ్లీ కాస్త తీసుకుంది.

"ఏదో ఉంది బాబాయ్. మందేనేమో. కానీ నేను గట్టిగా చెప్పలేను. నిన్న మీకు పెట్టిన కప్పులు ముందు నేనే చూసుకున్నాను, నాకే ఒకటి తెలియలేదు." పక్కనున్న బేసిన్లో ఉమ్మేసి నీళ్లు పుక్కిలించింది. "ల్యాబుకి పంపితే వారం పడుతుంది. ఈలోగా కొట్లలోంచి సీసాలు వెనక్కి రప్పించాలంటే రుచి చూసేవాళ్ల సంతకం ఉండాలి. పాసైనవాళ్లది. ఫ్యాక్టరీ మొత్తానికి పాసైంది మీరొక్కరే. మీ నాలుక సంగతి ముందు రాశానంటే మీ సంతకం చెల్లదు. ఇంకొకరిని తెచ్చి పరీక్ష పెట్టి పాస్ చేసేసరికి..." ఆగిపోయింది. రూలు తెలియక ఆగడం ఆ పిల్ల జీవితంలో అదే మొదటిసారి.

"ఎన్ని సీసాలు?"

"ఆరొందలు పైనే. సగం అమ్ముడై ఉంటాయి."

"అయితే ముందు దీని మీద రాయి తల్లీ. ఆ తర్వాత నా మీద రాయి. పైవాళ్లు అడిగితే నేనే అలా చేయమన్నానని చెప్పు. రెండు కాగితాల మీదా టైం వేయి, ఏది ముందో వాళ్లే చూసుకుంటారు."

రూల్సమ్మ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. పెన్ను ఆయన చేతికిచ్చింది. ఆయన పెన్ను కింద పెట్టి చెంచా తీసుకున్నాడు.

"ఎందుకు బాబాయ్? మీకు తెలియదు కదా."

"రుచి చూడకుండా సంతకం పెట్టకూడదు కదమ్మా."

కళ్లు మూసుకోకూడదనుకున్నాడు. తెరిచే ఉంచి, సీసా వంకే చూస్తూ, చెంచా నాలుక మీద పెట్టుకున్నాడు. అయినా వచ్చేసింది. ముందు తీపి, పాకం సరిగ్గా తీగ సాగేటప్పటి తీపి. దాని వెనక ఒలిచీ ఒలవగానే మొహం మీద చిమ్మే తొక్క నూనె ఘాటు. చివర్న నాలుక అంచుల మీద సన్నటి చేదు, ఎంత ఉండాలో అంతే. మందు లేదు, మాడు లేదు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఇంత మంచి జామ్ ఆయన ఎప్పుడూ తినలేదు. మింగకుండా ఉండలేకపోయాడు.

రూల్సమ్మ ఇంకా నీళ్లు పుక్కిలిస్తూనే ఉంది. ఆమె పెదవుల చుట్టూ ఎర్రగా కందింది.

"ఎలా ఉంది బాబాయ్?"

"అమృతంలా ఉందమ్మా," అన్నాడు నాలుకాయన. కాగితం దగ్గరికి లాక్కుని, 'పనికిరాదు, ప్రతి సీసా వెనక్కి తెప్పించండి' అని రాసి సంతకం పెట్టాడు.